ఒక్కటి చెప్పకుండా

పత్రికాఫీసు
మార్చి

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను చేస్తే నవ్వి తప్పించుకుంటావు. కాగితం మీద నవ్వలేవు గనక ఉత్తరం రాస్తున్నాను. జవాబు కూడా కాగితం మీదే ఇవ్వు.

నీ మేనకోడలికి కొత్త పిచ్చి పట్టుకుంది. సర్వే ఆఫీసులో చేరిన దగ్గర్నుంచీ ఆదివారమైతే చాలు, అక్కడి కుర్రకారుతో కలిసి, మోటారుసైకిల్లా హ్యాండిలుండే నాలుగు చక్రాల బండ్ల మీద కొండలెక్కుతానంటోంది. దారి లేనిచోట బండి తోలడమే ఆటట. దారి ఉన్నచోటే జనం సరిగ్గా తోలి చావడం లేదు, దారి లేనిచోట ఏం ఒరగబెడతారో నాకు అర్థం కాదు. నేల దున్నేవాడికి ట్రాక్టరు అద్దెకు దొరకదు గానీ, నేలను ఊరికే చీల్చి పారేసేవాళ్లకు మాత్రం ఎర్రవీ పచ్చవీ బండ్లు. ఇదీ మన కాలం. ఇందులో నీ వాటా ఎంతో నీకు తెలుసు, మళ్లీ ఎత్తను.

వద్దన్నాను. వద్దంటే ఆగే పిల్లైతే దానికి మిడత అని పేరెందుకు పెట్టావు? పిట్టగోడ మీంచి దూకి పళ్లు రాలగొట్టుకున్న రోజు పెట్టింది నువ్వే కదా.

సరే. ఎవడో దారినపోయేవాడి దగ్గర నేర్చుకుని మెడ విరగ్గొట్టుకోవడం కన్నా నీ దగ్గర నేర్చుకోవడం నయం. ఇన్నేళ్లు ఆ బండ్లు నేర్పే నీ గ్రౌండును తిట్టిన నోటితోనే ఈ మాట అంటున్నాను, పండగ చేసుకో. శని ఆదివారాలు బస్సెక్కి వస్తుంది.

కానీ విను. ఫ్యాక్టరీల్లో తెగిపడిన వేళ్ల గురించి రాస్తూ జుట్టు నెరిసినదాన్ని. యంత్రం తనంతట తాను ఎవర్నీ చంపదు. యంత్రానికీ మనిషికీ మధ్య ఒకడు నిలబడి చెప్పాల్సిన మాట చెప్పకపోతే చంపుతుంది. కాబట్టి మొహమంతా కప్పే హెల్మెటు, కళ్లకు అద్దాలు, చీలమండ దాటే బూట్లు, చేతికి తొడుగులు. దాని ఎత్తుకూ బరువుకూ సరిపోయే బండి. వెనక ఎవడినీ ఎక్కించుకోకూడదు. మొదటి నెల చదును నేల దాటకూడదు. ఇవన్నీ నాకెలా తెలుసని అడక్కు, చదివాను. తిట్టాలంటే ముందు చదవాలి.

మీ అక్క

*

క్వారీ వెనక, షెడ్డు
మార్చి

అక్కా,

నీ చేతిరాత చూడగానే తుప్పు భయపడ్డాడు, కోర్టు నోటీసనుకున్నాడట. తుప్పు అంటే మా మెకానిక్కు. వాడి అసలు పేరు వాళ్లావిడకైనా గుర్తుందో లేదో.

మిడతను పంపు. నువ్వు రాసినవన్నీ ఇక్కడ ఉన్నాయి, నువ్వు రాయనివీ ఉన్నాయి. బండికి ఒక తాడుంటుంది. ఒక కొన మణికట్టుకు, ఒక కొన ఇంజన్ ఆపే స్విచ్చికి. మనిషి కిందపడితే తాడు ఊడి బండి ఆగుతుంది. బయల్దేరే ముందు టైర్లు నొక్కి చూడాలి, బ్రేకు పట్టి చూడాలి. ఈ బండికి హ్యాండిల్ తిప్పితే చాలదక్కా, ఒళ్లు కూడా తిరగాలి. మలుపులో లోపలికి వంగాలి, ఎగుడెక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు వెనక్కి. అందుకే రెండో మనిషిని ఎక్కించకూడదు. వెనక బస్తాలాగా ఒకరు కూర్చుంటే తోలేవాడి ఒళ్లు కదలదు. తార్రోడ్డు మీదకు పోనివ్వకూడదు, ఈ టైర్లు తారును పట్టుకోవు. మందు తాగినవాణ్ణి గేటులోంచే పంపేస్తాం, వాడు కలెక్టరైనా సరే.

మా దగ్గర ఒక సరదా కూడా ఉంది. నీకు చెప్పకపోతే మిడత చెప్తుంది, అప్పుడు నన్ను నమిలేస్తావు. కొత్తగా వచ్చినవాళ్లకు అన్నీ నేర్పుతాం, ఒక్కటి చెప్పం. ఆ ఒక్కటి మనిషినిబట్టి మారుతుంది. ఒకడికి మలుపులో వంగమని చెప్పం, ఒకడికి గుంటలో బ్రేకు తొక్కకూడదని చెప్పం. చెప్పకుండా బురద గుంట వైపు పంపుతాం. మెత్తటి బురద, మోకాలి లోతు ఉండదు. వాడు మెల్లగా వెళ్లి మెల్లగా పడతాడు. అందరం చుట్టూ చేరి నవ్వుతాం, వాణ్ణి లేపి టీ ఇస్తాం, ఆ చెప్పనిది అప్పుడు చెప్తాం. దీన్ని మట్టి తినిపించడం అంటాం. బురద దగ్గరే సుమా, వాలు మీద ఎప్పుడూ చేయం. పడనివాడికి భయం ఉండదక్కా, భయం లేనివాడు ఎక్కడో రాళ్లమీద పడతాడు. ఆ మొదటిసారి పడేదేదో నా కళ్లెదుట, నా బురదలో పడితే మంచిదని నా ఉద్దేశం. అలా నేర్చుకున్నది చచ్చేదాకా మరిచిపోరు.

తమ్ముడు

*

పత్రికాఫీసు
మార్చి

ఒరేయ్,

చదివాను. రెండుసార్లు చదివాను, మొదటిసారి నా కళ్లదే తప్పనుకుని.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. నువ్వు దాన్ని పాఠం అంటున్నావు. నేను ఇంటర్వ్యూ చేసిన ప్రతి సూపర్‌వైజరూ అదే అన్నాడు. 'వేలు తెగితే గానీ జాగ్రత్త రాదమ్మా' అని నవ్వుతూ చెప్పాడు ఒకడు. వాడి పది వేళ్లూ వాడికున్నాయి. నీకూ ఉన్నాయి. తెలిసినవాడు తెలియనివాడి ముందు నోరు మూసుకుని, ఆ తర్వాత నవ్వడం. లోకంలో పెత్తనం అంటే అంతకుమించి ఏమీ లేదు. దానికి టీ ఒకటి చేర్చి సరదా అంటున్నావు.

ఇంతకీ మీ గుంపులో ఆడపిల్లలకు కూడా మట్టి తినిపిస్తారా? తినిపించే ఉంటారు. పడ్డప్పుడు ఫోన్లు తీసి ఉంటారు కూడా.

నా షరతు ఒక్కటే. మిడతకు అన్నీ చెప్పాలి. ఒక్కటి, ఒకే ఒక్కటి దాచినా, నీ షెడ్డుకు తాళం వేయించేదాకా నిద్రపోను. నా చేతిలో పత్రిక ఉంది, నా నోట్లో నాలుక ఉంది. మిగతావాళ్ల సంగతి అంటావా, వాళ్లకూ అమ్మలుంటారు, వాళ్లు చూసుకుంటారు. నాకు నా కూతురు కావాలి.

ఈ కాగితం కింద సంతకం పెట్టి పంపు. నవ్వకు.

అక్క

*

క్వారీ వెనక, షెడ్డు
జూన్

అక్కా,

సంతకం పెట్టిన కాగితం చేరిందనుకుంటాను. చేరకపోయినా మాట మాటే. నీ కూతురికి ఒక్కటి కూడా దాచలేదు. తుప్పును పక్కన నిలబెట్టి, నేను మరిచిపోతే గుర్తు చేయమన్నాను.

నాలుగు వారాలు చదును నేల మీదే తిప్పాను. విసుక్కుంది. 'మామయ్యా, ఇది పిల్లల పార్కు' అంది. ఐదో వారం చిన్న మెరక. ఇంజన్ ఆపి బండి పక్కన నిలబడి ఎలా వాలాలో చూపించాను. చూడాల్సింది ముందు చక్రం వైపు కాదు, వెళ్లాలనుకున్న చోటు వైపు. అది దానికి వెంటనే పట్టుబడింది. పుట్టుకతోనే అంతేగా, కాళ్ల కింద ఏముందో ఏనాడు చూసింది?

పెద్ద వాలు దగ్గర అసలు సంగతి చెప్పాను. సగంలో ఇంజన్ ఆగిపోతే ఏం చేయాలి? మనిషి చేతులు తమంతట తాము చేసేది తప్పు. బండిని వెనక్కి పోనిస్తారు, లేదా పక్కకు తిప్పబోతారు, తిరగబడుతుంది. బ్రేకు గట్టిగా పట్టుకో, ఒళ్లు ముందుకి వాల్చు, ఆగితే ఎగువ వైపుకి దిగు. ఆగకపోతే వదిలెయ్, పక్కకు దూకు. బండి పోతే పోనీ. ఇది దాని చేత పదిసార్లు చేయించాను. ఇంజన్ కావాలని ఆపి మరీ.

నీకు సంతోషం కలిగించే సంగతి. నా గ్రౌండు తెరిచాక మట్టి తినకుండా బండి నేర్చుకున్న మొదటి మనిషి నీ కూతురే. ఆ సంతోషం దానికి మాత్రం లేదు. మా వాళ్లు ఊరుకుంటారా? 'మామయ్య చాటు పిల్ల' అని పేరు పెట్టారు. అది వస్తుంటే తుప్పు చీపురు తీసుకుని దారిలో దుమ్ము ఊడుస్తాడు, అమ్మాయిగారి బూట్లకు అంటుకుంటుందని. నవ్వుతుంది గానీ మొహం ఎర్రబడుతుంది. తుప్పును తిట్టాను. వాడికి దున్నపోతు మీద వాన.

ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పడంలో నాకు సాయం చేస్తోంది. దాని నోరు నీ నోరే, ఎవడూ ఎదురు చెప్పడు.

తమ్ముడు

*

పత్రికాఫీసు
జూన్

ఒరేయ్ తమ్ముడూ,

నా కూతురు పడలేదా! ఆ ఒక్క ముక్క చాలు. చీపురు పట్టుకున్నవాణ్ణి పట్టుకోనీ. ప్రాణంతో ఉన్నవాళ్లను ఎగతాళి చేయొచ్చు, పోయినవాళ్లను చేయలేరు.

మాట నిలబెట్టుకున్నావు. నీ గురించి రాయదల్చుకున్న వ్యాసం పక్కన పెట్టాను. అచ్చుకెక్కుతుందనుకున్న శీర్షిక కూడా బాగుంది, ఏం చేస్తాం.

అక్క

*

ఆస్పత్రి వరండా
ఆగస్టు

అక్కా,

బస్సెక్కే ముందు ఇది నీ చేతికి అందదు, అయినా రాస్తున్నాను. ఎదురుగా నిలబడి చెప్పలేను.

ఆదివారం పొద్దున పెద్ద వాలు మీద బండి తిరగబడింది. ఇంజన్ ఆగింది, వెనక్కి జారింది, తలకిందులైంది. ఒక్కటి చెప్పకుండా వాలెక్కించారు. నేను గేటు దగ్గర హెల్మెట్లు తొడుగుతున్నాను, కేక వినబడి పరుగెత్తాను.

మిడత తొడ ఎముక విరిగింది. తుంటి దగ్గర చీలిక ఉందన్నారు. తెలివిలోనే ఉంది. కుట్టు ఫ్యాక్టరీ వాళ్లు ఆ రోజు కూలీలను విహారానికి తీసుకొచ్చారు. అందులో కాలర్లు కుట్టే అమ్మాయికి కూడా తగిలింది, బాగా తగిలింది. ఆమెను వేరే ఆస్పత్రికి తీసుకెళ్లారు. వెన్నుపూస గురించి అక్కడి డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పలేదు.

వాలు నాది. సరదా నాది. తప్పు నాదే. ఇంకెవరి పేరూ చెప్పను.

తమ్ముడు

*

ఇంటి నుంచి
సెప్టెంబరు

షెడ్డు యజమాని గారికి,

ఆస్పత్రి మెట్ల దగ్గర నిన్ను లోపలికి రానివ్వలేదని బాధపడ్డావట. బాధపడు. అది నీకు చేతనైన పని.

సంతకం పెట్టావు. ఆ కాగితం నా ఎదుటే ఉంది. 'ఒక్కటి కూడా దాచను' అని రాసిందీ నువ్వే, 'ఒక్కటి చెప్పకుండా వాలెక్కించారు' అని రాసిందీ నువ్వే. ఎక్కించారట. ఎవరు? తుప్పా? ఆ చీపురువాడేనా? నా పిల్ల మట్టి తినలేదని మీ గుంపుకు తిండి సహించలేదు, ఆఖరికి తినిపించి నిద్రపోయారు. ఇప్పుడు గొప్పగా 'తప్పు నాదే' అంటున్నావు. ఫ్యాక్టరీ గోడ కూలితే యజమాని కూడా ఇలాగే అంటాడు. పేరు చెప్పకుండా అందరి తప్పూ తన నెత్తిన వేసుకుంటాడు. అప్పుడు ఎవడికీ శిక్ష పడదు.

మిడతను అడిగితే గోడ వైపు తిరుగుతుంది. నీ పేరెత్తితే దుప్పటి లాక్కుంటుంది. పిల్లను ఏ స్థితికి తెచ్చావో చూడు. కళ్లు మూసుకుని నీ మేనకోడలు ఎలా ఉంటుందో ఊహించుకో. పిట్టగోడ మీద కాదు, మంచం మీద.

రెండో ఆపరేషన్ చేశారు. ఇనుప ముక్క వేశారు. నడక గురించి ఇప్పుడేమీ అడగొద్దన్నాడు డాక్టరు. నేను అడగలేదు. నువ్వూ అడక్కు.

మిడత అమ్మ

*

క్వారీ వెనక, షెడ్డు
అక్టోబరు

అక్కా,

ఎన్ని తిట్టినా పడతాను. గ్రౌండు మూసేశాను. తుప్పు వేరే పని చూసుకున్నాడు. బండ్లు షెడ్డులోనే ఉన్నాయి, వాటి మీద గుడ్డ కప్పాను. వాటిని చూడలేక.

మిడత ఎలా ఉంది? ఒక్క ముక్క రాయి.

కాలర్లు కుట్టే అమ్మాయిని ఇంటికి పంపేశారు. నడుము కింద స్పర్శ లేదు. అన్నయ్య దగ్గర ఉంటోంది, ఒకటే గది. రోజూ వెళ్తున్నాను.

తమ్ముడు

*

ఇంటి నుంచి
నవంబరు

షెడ్డు యజమాని గారికి,

ఒక్క ముక్క కాదు, నాలుగు ముక్కలు రాస్తాను. దాచుకో.

చక్రాల కుర్చీ వసారాలో ఉంది. రబ్బరు చక్రాలు కొత్తవి, నల్లగా మెరుస్తున్నాయి. నీ బండ్ల చక్రాలంత లావు లేవు, బురదలో పనికిరావు.

మేడ మీద మంచం కిందికి దించాం. మెట్లెక్కలేని మనిషి మేడ మీద ఎలా ఉంటుంది?

నువ్వు కొనిచ్చిన చీలమండ దాటే బూట్లు అటక మీద పెట్టించాను.

సర్వే ఆఫీసు వాళ్లు దాని కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు.

గ్రౌండు మూసేశావా? మూసినవాడు మళ్లీ తెరవగలడు. బండ్ల మీద గుడ్డ కప్పినవాడు గుడ్డ తీయగలడు. ఆ వాలు ఇంకా అక్కడే ఉంది కదా.

మిడత అమ్మ

*

క్వారీ వెనక
డిసెంబరు

అక్కా,

వాలు ఇప్పుడు లేదు. యంత్రం పెట్టించి తవ్వించి చదును చేయించాను. బురద గుంట పూడ్పించాను. బండ్లన్నీ తుక్కు కింద ఇచ్చేశాను. అమ్మితే ఇంకెవడో ఎక్కుతాడని. కొన్నవాడు సుత్తితో కొడుతుంటే దగ్గరుండి చూశాను. షెడ్డు రేకులు కూడా విప్పేశారు. ఈ ఉత్తరం ఆఖరి బల్ల మీద రాస్తున్నాను, సాయంత్రానికి దీన్నీ తీసుకెళ్తారు.

ఆ అమ్మాయి ఈ నెల కొంచెం తింటోంది.

తమ్ముడు

*

ఇంటి నుంచి
జనవరి

తమ్ముడికి,

రేకులు విప్పారని విన్నాక నమ్మలేక, తెలిసినవాణ్ణి పంపి చూసి రమ్మన్నాను. నిజమేనట. మైదానంలా ఉందట, గడ్డి మొలుస్తోందట. ఇక చెప్పొచ్చు.

నీ మేనకోడలు అక్టోబరు చివరి నుంచీ నడుస్తోంది. మొదట వాకరుతో, తర్వాత కర్రతో, ఇప్పుడు ఉత్త కాళ్లతో. ఆదివారాలు పొద్దున్నే లేచి, నడక మంచిదన్నారమ్మా అని బయటికి పోతే మధ్యాహ్నం గానీ రాదు. కొంచెం కుంటు ఉంది, తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

నేను నీకు ఒక్క అబద్ధం రాయలేదు. నా ఉత్తరం మళ్లీ తీసి చూసుకో. చక్రాల కుర్చీ వసారాలో ఉందన్నాను. ఉంది. అందులో పిల్లి పడుకుంటోంది. మంచం కిందికి దించామన్నాను. దించాం. అది నా మంచం, మెట్లెక్కలేనిది నేను, నా మోకాళ్ల సంగతి నీకు తెలియదా? బూట్లు అటక మీదే ఉన్నాయి, దానికి ఇప్పుడు మామూలు చెప్పులు చాలు. సర్వే ఆఫీసు వాళ్లు దాని కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు, దీనికి కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు.

అన్నీ చెప్పాను. ఒక్కటి చెప్పలేదు. నీ పద్ధతే కదా? పడేదాకా చెప్పకూడదు, పడ్డాక చెప్పాలి, అప్పుడు చచ్చేదాకా మరిచిపోరు. ఎలా ఉంది బురద? నేను నవ్వలేదు. టీ కూడా ఇవ్వను.

నీకు కోపం రావచ్చు. రానీ. ఇన్నేళ్లు నేను వ్యాసాలు రాస్తే ఒక్క గేటుకూ తాళం పడలేదు. నీకు రాసిన నాలుగు ముక్కలతో ఒక గ్రౌండు నేలమట్టమైంది. జీవితంలో నేను గెలిచిన ఒకే ఒక్క సమ్మె ఇది. దానికి పశ్చాత్తాపం ఏమిటి?

ఇంటికి రా. పిల్లను చూసిపో.

అక్క

*

కాలర్లు కుట్టే అమ్మాయి ఇంటి అరుగు
జనవరి

అక్కా,

తెలుసు.

మిడత మూడు ఆదివారాలు ఇక్కడికి వచ్చింది. మొదటిసారి నవంబరులో, నీ నాలుగు ముక్కల ఉత్తరం నా జేబులో ఉండగానే, బస్టాపు నుంచి నడిచి వచ్చింది. నువ్వు రాసిందీ నా కళ్లెదుట నిలబడిందీ రెండూ మార్చి మార్చి చూశాను. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక కూడా నీకు రాయలేదు. నువ్వు తిడుతున్నంతసేపు నేను నిజం చెప్పక్కర్లేదు, నాకూ అది సుఖంగానే ఉంది. వాలు తవ్వించింది నీ కుర్చీని చూసి కాదు.

ఇప్పుడు చెప్తాను. ఆస్పత్రికి నువ్వు రాకముందే, మంచం మీద పడున్నప్పుడు అది నా చెయ్యి పట్టుకుని ఒట్టేయించుకుంది, అమ్మకు చెప్పకు మామయ్యా అని. ఇన్నాళ్లూ నిలబెట్టుకున్నాను. పిల్ల కాళ్లమీద నిలబడింది గనక ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను.

ఆ రోజు బండి మీద ఉన్నది మిడత కాదు. కాలర్లు కుట్టే అమ్మాయి. ఆమెకు నేర్పింది మిడత. హెల్మెటు సరిచేసింది, తాడు మణికట్టుకు కట్టింది, వంగడం చూపించింది. అన్నీ చెప్పింది. ఒక్కటి చెప్పలేదు. వాలు మీద ఇంజన్ ఆగితే ఏం చేయాలో చెప్పలేదు. బురద దగ్గర అందరూ చేస్తారు, వాలు దగ్గర చేస్తే ఇక ఎవరూ మామయ్య చాటు పిల్ల అనరని. ఇది దాని మాటే, నా ఊహ కాదు. కింద నిలబడి ఫోను పట్టుకుంది, పడితే తీద్దామని. బండి దొర్లుకుంటూ వచ్చి దానికి తగిలింది. గోడ వైపు తిరిగింది నా పేరు విని కాదక్కా.

ప్రతి ఉత్తరంలో ఆ అమ్మాయి గురించి ఒక వాక్యం పెడుతూ వచ్చాను. నాలుగు నెలలు. ఎవరా పిల్ల, ఎలా ఉంది అని నువ్వు ఒక్కసారి అడిగితే, మొత్తం చెప్పేద్దామని. ఫ్యాక్టరీ కూలీలంటే నీకు ప్రాణం కదా, ఎప్పుడో ఒకప్పుడు అడుగుతావనుకున్నాను. ఆ పిల్ల పనిచేసే ఫ్యాక్టరీ గురించి నీ పత్రికలో రెండుసార్లు రాశావు కూడా.

మార్చిలో నువ్వు రాసిన ముక్క నేను మరిచిపోలేదు. 'మిగతావాళ్ల సంగతి అంటావా, వాళ్లకూ అమ్మలుంటారు.' ఈ అమ్మాయికి లేదు. అన్నయ్య ఉన్నాడు, పొద్దున షిఫ్టుకు పోతాడు. వాడు వెళ్లాక నేను వచ్చి మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకు మారుస్తాను. మొదట్లో మొహం పక్కకు తిప్పుకునేది. పోయిన వారం మొదటిసారి మాట్లాడింది.

'బాబాయ్, ఆ రోజు నాకు చెప్పనిది ఏమిటి?' అంది.

చెప్పాను. బ్రేకు పట్టుకుని ఎగువకు దిగాలి, ఆగకపోతే బండి వదిలేసి దూకాలి, అంతే.

తర్వాత అంది: 'దూకొచ్చని అనిపించింది. బండి పాడైతే జీతంలో పట్టుకుంటారేమో అని గట్టిగా పట్టుకున్నాను.'

అక్కా, ఆమెకు కేసు లేదు, పరిహారం గురించి కూడా ఏమీ అనలేదు. ఒక్కటే అడిగింది. ఆ మాట తనకు బండి ఇచ్చిన అమ్మాయి నోటితో వినాలట. ఎందుకు చెప్పలేదో అడగాలట. ఆమె అడగకముందే, ఆ మూడు ఆదివారాలూ మిడతను ఈ అరుగు దాకా తీసుకొచ్చాను. ఒకసారి గొళ్లెం మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. 'వెళ్లి ఏం చెప్పను మామయ్యా' అంది. మూడోసారి అదీ లేదు, గ్రౌండు మళ్లీ ఎప్పుడు తెరుస్తావని అడిగింది. వాలు తవ్వించింది ఆ మాట విన్నాకే.

నా మాట అది వినదు. నీ మాట వింటుంది. తీసుకురా. నువ్వే చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించు. ఇంకేమీ అక్కర్లేదు. నన్ను జన్మంతా తిట్టు.

తమ్ముడు

*

ఇంటి నుంచి
ఫిబ్రవరి

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. చదివి చింపేశాను. నేను రాసినవి కూడా నువ్వు చింపేయి, ముఖ్యంగా మార్చిది.

ఆ అమ్మాయి పట్ల నాకు సానుభూతి లేదని అనుకోకు. చాలా ఉంది. కానీ ఆలోచించు. కూలీలను విహారానికి తీసుకొచ్చింది ఫ్యాక్టరీ. వాళ్లకు బీమా చేయించాల్సింది ఫ్యాక్టరీ. ఈ పద్ధతి పెట్టింది నువ్వు. వ్యవస్థ ఇంత ఉండగా ఇరవై మూడేళ్ల పిల్లను తీసుకెళ్లి ఒక మంచం ముందు నిలబెట్టడం న్యాయం కాదు, అది ప్రతీకారం. ఫ్యాక్టరీ మీద నేను రాస్తాను, గట్టిగా రాస్తాను. నీ గ్రౌండు పేరు రాదు, మన ఇంటి పేరు అసలే రాదు.

మిడతకు వచ్చే నెల ప్రమోషన్ పరీక్ష. ఆదివారాలు ఇక ఎక్కడికీ పంపను. నువ్వు కూడా ఈ సంగతి దాని దగ్గర ఎత్తకు. అది నాకేమీ చెప్పలేదు, నేనేమీ అడగలేదు, ఇంట్లో ప్రశాంతంగా ఉంది.

ఆ అమ్మాయి మళ్లీ అడిగితే, నువ్వే చెప్పనివాడివని చెప్పు. ఎలాగూ మొదట్నుంచీ తప్పు నాదేనంటున్నావు కదా.

ఒక్కటి మాత్రం వెంటనే కనుక్కుని రాయి. ఆ రోజు మిడత ఫోనులో తీసింది, ఇంకెవరికైనా పంపిందా?

అక్క